రాయి వేసేదాకా పేరు చెదిరిపోకూడదు

సంపాదకులకు నమస్కారం.

యూదుల్లో మనిషి పోతే వీలైనంత త్వరగా మట్టి చేస్తారు. పేరు చెక్కిన రాయి మాత్రం తర్వాతే పెడతారు. ఇజ్రాయెల్‌లో ఎక్కువగా 30 రోజులకు, బయటి దేశాల్లో చాలాచోట్ల ఏడాదికి. అందాకా సమాధి మీద చిన్న రేకు పలకో, చెక్క ముక్కో ఉంటుంది. పెద్ద శ్మశానాల్లో రిజిస్టరు ఉంటుంది కాబట్టి అది ఊడిపోయినా ఫర్వాలేదు. పది పదిహేను సమాధులున్న చోట ఆ పలకే రిజిస్టరు.

దాని విలువ మాకు తెలుసు. మేం క్రైస్తవులం. అమ్మ పోయినప్పుడు సమాధుల తోటలో చెక్క సిలువ పాతి తెల్ల పెయింటుతో పేరు రాయించాం. డబ్బు సర్దుబాటు కాక రాయి పని మరుసటి ఏడాదికి పడింది. ఈలోపు వానలకు పెయింటు పోయింది, మొదలు దగ్గర చెద పట్టి సిలువ కూలిపోయింది. రాయి తీసుకుని వెళ్తే పక్కపక్కనే రెండు మట్టి దిబ్బలు. కాపలా ఆయన కొత్తవాడు. రాసిపెట్టిన పుస్తకం లేదు. నాన్న చాలాసేపు నిలబడి, "వేపచెట్టు వైపుదే అనుకుంటానమ్మా" అన్నారు. అక్కడే వేయించాం. ఇప్పటికీ రెండింటి మీదా పూలు పెట్టి వస్తాను.

కేరళలోని మాళలో యూదులు ఇజ్రాయెల్ వెళ్ళిపోతూ 1955లో తమ శ్మశానాన్ని పంచాయతీకి అప్పగించారు. ఎకరాల కొద్దీ ఉన్న ఆ నేలలో ఇప్పుడు కంటికి కనబడే సమాధులు మూడే. అదే రాష్ట్రంలోని చేందమంగళంలో 1269 నాటి సారా అనే స్త్రీ సమాధి రాయి మీద చెక్కిన హీబ్రూ అక్షరాలు నేటికీ ఉన్నాయి.

మన గుంటూరు జిల్లా చేబ్రోలు మండలం కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిమ్ యూదులున్నారు. కొద్ది కుటుంబాలే, చాలామంది రెక్కల కష్టం మీద బతికేవాళ్ళు. రాయికి డబ్బు కూడే దాకా వాళ్ళలో ఎవరూ మాలాగా ఊహ మీద ఆధారపడకూడదు. అడుగున్నర కడప బండ ముక్క మీద పేరు, తేదీ, సమాధి నంబరు చెక్కించి, సగం భూమిలో పాతితే చాలు. రంగుతో రాస్తే నిలవదు. పేరు తెలుగులోనూ ఉండాలి, గొయ్యి తవ్వే మనిషి చదవగలగాలి కదా. గేటు నుంచి, గోడ నుంచి సమాధి ఎన్ని అడుగులో నోటుబుక్కులో రాసి ఒక కాపీ పంచాయతీలో ఉంచాలి. అసలు రాయి వేసిన రోజు ఈ ముక్క తీసేయొచ్చు, ఆచారానికి అడ్డు రాదు.

పంచాయతీ వారు ఆ సంఘం పెద్దలతో కూర్చుని మాట్లాడి, ఈ వానలు మొదలయ్యే లోపే ఈ చిన్న రాళ్ళ ఖర్చు భరించాలని కోరుతున్నాను.

- ఒక పాఠకురాలు, గుంటూరు