పెళ్లి స్లైడ్‌షోలకు మన మేళం రికార్డింగులు కావాలి

సంపాదకులకు నమస్కారం.

మాది విజయనగరంలో ఫొటో స్టూడియో. పెళ్లిళ్ల సీజన్‌లో ఆల్బమ్‌తో పాటు ప్రతి పెళ్లి పార్టీ స్లైడ్‌షో అడుగుతుంది. వెనకాల ఫలానా సినిమా పాట రావాలంటారు. కాపీరైట్ వల్ల ఆ పాట పెట్టలేమంటే "అందరూ పెడుతున్నారు కదా, మీకెందుకు టెన్షన్?" అంటారు. ఈ మాట రెండు రాష్ట్రాల్లో ఫొటోగ్రాఫర్లందరూ వినేదే కాబట్టి రాస్తున్నాను.

పెళ్లిలో పాటలు వేసుకోవడానికి చట్టం అడ్డు చెప్పదు. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ మతపరమైన వేడుకలకు మినహాయింపు ఇచ్చింది. పెళ్లి ఊరేగింపు, పెళ్లికి సంబంధించిన సంబరాలు కూడా అందులోకే వస్తాయి. 2023 జులైలో కేంద్రం కూడా ఈ సంగతే మళ్లీ స్పష్టం చేసింది. కానీ మండపంలో పాట వినిపించడం వేరు, డబ్బు తీసుకుని అదే పాటను ఫొటోలకు జతచేసి పెన్‌డ్రైవ్‌లో ఇవ్వడం వేరు. దీనికి హక్కుదారుల అనుమతి కావాలి. 30 సెకన్ల లోపు వాడితే ఫర్వాలేదని మావాళ్లలో చాలామంది నమ్ముతారు. చట్టంలో అలాంటి లెక్క లేదు. పాత పాటైతే పర్లేదనుకోవడమూ సగమే నిజం. రికార్డింగ్ మీద హక్కు 60 ఏళ్లకు తీరిపోవచ్చు గానీ, పాట రాసినవారు, బాణీ కట్టినవారు పోయాక కూడా 60 ఏళ్ల పాటు వాళ్ల హక్కు ఉంటుంది.

చివరికి ఇబ్బంది పడేది పార్టీయే. ఒక కుటుంబం వేరేచోట చేయించిన షష్టిపూర్తి స్లైడ్‌షో మా దగ్గరికి తెచ్చింది. అమెరికాలో ఉన్న మనవలు చూస్తారని యూట్యూబ్‌లో పెడితే పాట హక్కుదారుల క్లెయిమ్ పడి అక్కడ బ్లాకైంది. ఫేస్‌బుక్‌లో బొమ్మ వచ్చింది, శబ్దం పోయింది. పెద్దాయన చిన్ననాటి బ్లాక్ అండ్ వైట్ ఫొటోలను చరణాలను బట్టి పేర్చారు. పాట లేకపోయేసరికి ఏ ఫొటో ఎందుకు వస్తోందో అర్థం కాకుండా పోయింది. ఆ ఇంటివాళ్ల ముఖాలు చూస్తే నిజంగా బాధేసింది.

ఇంటర్నెట్‌లో ఉచిత సంగీతం ఉంది కదా అంటారు. అలాంటి సంగీతానికి ఇచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సులో ఎన్‌సీ అని ఉంటే వ్యాపారానికి పనికిరాదు, ఎన్‌డీ అని ఉంటే వీడియోకు జతచేయకూడదు. అవి వడగట్టాక మిగిలేవి ఎక్కువగా పియానో, గిటార్. తలంబ్రాల ఫొటోలకు అవేం అతుకుతాయి?

అందుకే మేం మా ఊరి మేళం వాళ్లనే కూర్చోబెట్టి రికార్డు చేసుకున్నాం. డోలు సన్నాయిని మింగేయకుండా దాని మైకు దూరంగా పెట్టాం. త్యాగరాజస్వామి 1847లో కాలంచేశారు కాబట్టి ఆయన కీర్తనల మీద ఇప్పుడు ఎవరికీ హక్కు లేదు. సినిమా బాణీలు మాత్రం వాయించవద్దన్నాం, సన్నాయి మీద వాయించినా బాణీ హక్కు బాణీదే. వాయించినవాళ్లకు 50 ఏళ్ల పాటు కళాకారుల హక్కు ఉంటుంది. అందుకని ముందే డబ్బిచ్చి, స్లైడ్‌షోలకు వాడుకోవచ్చని సంతకాలు తీసుకున్నాం. చివరి స్లైడ్‌లో వాళ్ల పేర్లు వేస్తాం. పొరపాటున క్లెయిమ్ వచ్చినా చూపించడానికి కాగితం ఉంటుంది. ఇప్పుడు మా స్లైడ్‌షోలో జీలకర్ర బెల్లం ఫొటో దగ్గర గట్టిమేళం అందుకుంటుంది, ఫొటోలు చకచకా మారతాయి. అప్పగింతల దగ్గర డోలు ఆగిపోయి సన్నాయి ఒక్కటే వినిపిస్తుంది. సినిమా పాటే కావాలని పట్టుబట్టిన పార్టీలు కూడా అది విన్నాక మళ్లీ ఆ ఊసెత్తడం లేదు.

అయితే ఊరికో స్టూడియో తంటాలు పడితే తీరేది కాదిది. ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్‌గా 1919లో మొదలైన సంగీత కళాశాల మా ఊళ్లోనే ఉంది. ఇలాంటి ప్రభుత్వ కళాశాలల్లోని విద్వాంసుల చేత పెళ్లి తంతుకు సరిపడే మంగళవాద్యాలు వాయించి, వారికి తగిన పారితోషికం ఇచ్చి, పేరు వేస్తే చాలు ఎవరైనా వ్యాపారానికి కూడా వాడుకునే లైసెన్సుతో సాంస్కృతిక శాఖలు విడుదల చేయాలి. ఫొటోగ్రాఫర్ల సంఘాలు ఇందుకోసం గట్టిగా అడగాలి.

అంతవరకు, మేళం వాళ్లతో మేం రాసుకున్న ఒప్పందం నకలు కావాలంటే ఏ ఫొటోగ్రాఫరైనా వచ్చి తీసుకోవచ్చు. ఒక్క పేజీయే, తెలుగులోనే ఉంది.

— ఒక స్టూడియో నిర్వాహకుడు, విజయనగరం