ఒరిజినల్ అని చెప్పి మార్చిన ఆటను అమ్మారు, నా డబ్బు వెనక్కి ఇవ్వండి

మేనేజర్ గారికి,
పాత వీడియో గేమ్‌ల విభాగం,
బెంగళూరు

విషయం: ఫైనల్ ఫాంటసీ మొదటి భాగం ఒరిజినల్ క్యాసెట్ పేరుతో నకిలీ పంపడం గురించి

నమస్కారం.

మీ సైట్‌లో "1990 అమెరికన్ ఒరిజినల్, టెస్ట్ చేసినది, సేవ్ గ్యారంటీ" అని రాసి పెట్టిన ఫైనల్ ఫాంటసీ అనే కథ ఆట ఎన్‌ఈఎస్ (నింటెండో వాళ్ల పాత టీవీ గేమ్ యంత్రం) క్యాసెట్‌ను 8,500 రూపాయలు పెట్టి కొన్నాను. మీరు పంపింది ఒరిజినల్ కాదు. ఎవరో ఆట లోపలి ప్రోగ్రామ్‌ను మార్చి, కొత్త బోర్డు మీద ఎక్కించి, పాతదిలా కనిపించే స్టిక్కర్ అంటించిన కాపీ. ఫోన్ చేస్తే మీ కస్టమర్ కేర్‌లో తెలుగు మాట్లాడే ఆయన మర్యాదగానే మాట్లాడారు కానీ, "ఆట అదే కదా మేడమ్, పైగా దీంట్లో బగ్స్ కూడా తీసేశారు, మీకు మంచిదే కదా" అన్నారు. అభ్యంతరం ఏమిటో వివరంగా రాస్తే పైవాళ్లకు చూపిస్తాను, తెలుగులో రాసినా పర్వాలేదు అన్నారు. అందుకే ఇంత పెద్ద ఉత్తరం. దయచేసి చివరిదాకా చదవండి, ఎందుకంటే ఆయన అన్న ఆ "మంచిదే కదా" దగ్గరే నాకు అసలు గొడవ.

ముందు నేను దీన్ని ఎందుకు కొన్నానో చెప్పాలి. ఈ సిరీస్‌లో ముఖ్యమైన భాగాలు 2023 నాటికి పదహారు వచ్చాయి. నేనూ మా తమ్ముడూ మధ్యలో ఎక్కడో మొదలుపెట్టి ముందుకు వెళ్లినవాళ్లం, వెనక్కి ఎప్పుడూ వెళ్లలేదు. చిన్నప్పుడు అనంతపురంలో మా ఇంట్లో ఉన్న టీవీ గేమ్‌కు దొరికే క్యాసెట్లంటే మారియో, కాంట్రా లాంటివే. రోజుల తరబడి ఆడి, సేవ్ చేసుకుని, మళ్లీ కొనసాగించే కథ ఆట మా చేతికి రాలేదు. ఇప్పుడు మా పెదనాన్నగారి అబ్బాయి అమెరికా నుంచి పాత ఎన్‌ఈఎస్ తెచ్చి ఇచ్చాడు కాబట్టి, 1987 డిసెంబర్ 18న జపాన్‌లో ఫామికామ్ (ఎన్‌ఈఎస్‌కు అక్కడి పేరు) మీద వచ్చి, 1990లో అమెరికాకు చేరిన ఆ మొదటి ఆటను, అప్పటివాళ్లు ఎలా ఆడారో అలాగే ఆడి చూడాలనుకున్నాం. సకగుచి దర్శకత్వం, అమానో బొమ్మలు, ఉయెమత్సు సంగీతం, నాసిర్ జెబెల్లి ప్రోగ్రామింగ్, వీళ్లందరూ అంత చిన్న మెమరీలో ఏం చేశారో, ఎక్కడ తడబడ్డారో చూడాలని.

సుఖంగా ఆడాలంటే నాకు వేరే దారులు ఉన్నాయి. 2004లో గేమ్‌బాయ్ అడ్వాన్స్ అనే చేతి యంత్రం మీద వచ్చిన డాన్ ఆఫ్ సోల్స్ అనే వెర్షన్‌లో మంత్రాల పద్ధతినే మార్చి ఎంపీ (మంత్రాలకు ఖర్చయ్యే పాయింట్లు) పెట్టారు, ఆట చాలా తేలికైంది. 2021లో పీసీకి, ఫోన్లకు పిక్సెల్ రీమాస్టర్ అనే కొత్త వెర్షన్ వచ్చింది. 2023లో కన్సోళ్లకు వచ్చినదాంట్లో అనుభవం పాయింట్లను పెంచుకునే ఏర్పాటు కూడా ఉంది. వాటి మీద నాకు ఏ కోపమూ లేదు, ఎందుకంటే అవి ఏమిటో పేరులోనే చెప్పి అమ్ముతారు. ఫోన్‌లో ఆ పిక్సెల్ రీమాస్టర్ కొంటే మీకు కట్టినదాంట్లో చాలా కొద్ది భాగమే అయ్యేది. నేను 8,500 ఇచ్చింది పాతదాని కోసం, పాతది పాతదిగానే ఉంటుందని.

ఇక మీరు పంపినది నకిలీ అని ఎలా తెలిసిందో చెబుతాను. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లోనే పని చేస్తాను, కాబట్టి ఊరికే అనుమానంతో అనడం లేదు, ఒక్కోటీ చూసుకుని రాస్తున్నాను.

ఆటలోని కోనీరియా ఊరి బయట మొదటి పోరాటం ఇంప్‌లు అనే చిన్న రాక్షసులతో వస్తుంది. ఒరిజినల్‌లో ఒక ఇంప్‌ను చంపితే 6 బంగారం, 6 అనుభవం. మీ క్యాసెట్‌లో 12 చొప్పున వచ్చాయి. మొదటి లెవెల్ దాటడానికి ఒక్కొక్కరికి 40 అనుభవం కావాలి, అది సగం శ్రమతో అయిపోయింది. అప్పుడే అనుమానం వచ్చింది. తర్వాత ఊళ్లో నడుస్తూ బీ బటన్ పట్టుకుంటే మా హీరో పరిగెత్తాడు. ఎన్‌ఈఎస్ వెర్షన్‌లో పరుగు అనేదే లేదు. అంగట్లో 60 బంగారానికి దొరికే హీల్ మందును ఒక్కొక్కటిగానే కొనాలి, 99 కావాలంటే 99 సార్లు నొక్కాలి. మీ దాంట్లో పది ఒకేసారి కొనచ్చు. నిజం చెప్పాలంటే ఒక్కొక్కటిగా కొనడం విసుగే, దానిలో గొప్పదనం ఉందని నేను వాదించను, కానీ అది లేకపోతే ఇది 1990 క్యాసెట్ కాదు, అంతే.

ప్రవోకా అనే ఊళ్లో దొంగల నాయకుడు బిక్కే దగ్గర ఓడ సంపాదించాక ఇంకో పరీక్ష చేశాను. ఓడ మీద ఉండి A బటన్ పట్టుకుని B బటన్ 55 సార్లు నొక్కితే, ప్రోగ్రామర్ దాచిన అంకెల పజిల్ ఒకటి బయటికి వస్తుంది. అది వచ్చింది. అంటే అడుగున ఉన్నది ఒరిజినల్ ప్రోగ్రామే, దాని మీద ఎవరో చేయి పెట్టారు. అదే ప్రవోకాకు ఈశాన్యంగా చిన్న ద్వీపకల్పం ఉంది. ఆట మ్యాప్‌ను గళ్లుగా విడదీసి ఒక్కో గడికి ఒక్కో రాక్షసుల జాబితా పెట్టారు, ఆ కొన మాత్రం తర్వాత రావాల్సిన ప్రాంతపు గడిలో పడిపోయింది. దానివల్ల మొదట్లోనే అక్కడికి వెళ్లి, ప్రాణాలకు తెగించి పెద్ద రాక్షసులతో పోరాడి త్వరగా లెవెల్ పెంచుకోవచ్చు. ఈ సంగతి తెలిసి, మా తమ్ముడిని వీడియో కాల్‌లో కూర్చోబెట్టి మరీ అక్కడికి వెళ్లాను. మామూలు చిన్న రాక్షసులే వచ్చారు. దాన్ని కూడా "సరిచేశారు" అన్నమాట. వాడు కూడా చాలా నిరాశ పడ్డాడు.

అన్నిటికంటే గట్టి సాక్ష్యం మంత్రాలు. ప్రవోకాలో రెండో లెవెల్ నల్ల మంత్రాల్లో టెంపర్ అనేది ఉంది, మనవాడి దెబ్బ బలం పెంచాలి. ఒరిజినల్‌లో తప్పు వల్ల అది మనవాళ్ల మీద అసలు పనిచేయదు. మీ దాంట్లో శుభ్రంగా పనిచేసింది, ఫైటర్ (కత్తి వీరుడు) దెబ్బ బలం ఒక్కసారిగా పెరిగింది. ఎల్ఫ్‌ల ఊళ్లో కొనే లాక్-2 శత్రువు తప్పించుకునే శక్తిని తగ్గించాలి కానీ ఒరిజినల్‌లో తిరగబడి పెంచుతుంది. మీ దాంట్లో తగ్గించింది. ఇక తెలివి అనే లెక్క ఒకటుంది, ఒరిజినల్‌లో అది మంత్రాల దెబ్బకు ఏమాత్రం అక్కరకు రాదు, కాబట్టి ఒకే మంత్రం వేస్తే ఎర్ర మంత్రగాడిదీ నల్ల మంత్రగాడిదీ ఒకే బలం. మీ క్యాసెట్‌లో నల్ల మంత్రగాడి దెబ్బ స్పష్టంగా ఎక్కువ. ఇవి చిన్న మార్పులు అనుకోకండి. ఆరు రకాల వీరుల్లోంచి నలుగురిని ఎంచుకోవడమే ఈ ఆటలో మొదటి నిర్ణయం, మధ్యలో మార్చుకునే వీలు లేదు. ఎర్ర మంత్రగాడికి కత్తి, మంత్రం రెండూ వచ్చి, మంత్రంలోనూ వెనకబడడు అంటే ఆ నిర్ణయం ఒక రకంగా ఉంటుంది, వెనకబడతాడు అంటే పూర్తిగా వేరుగా ఉంటుంది. మీరు పంపినదాంట్లో మేం ఆడింది వేరే ఆట.

మీ ఆయన "బగ్స్ తీసేశారు" అన్నారు కానీ, బగ్ కానివి కూడా తీసేశారు. ఒరిజినల్‌లో ఇద్దరు వీరులు ఒకే శత్రువును గురిపెట్టి, మొదటివాడి దెబ్బకే అది చస్తే, రెండోవాడి దెబ్బ గాల్లో పోతుంది, తెర మీద "ఇనెఫెక్టివ్" అని వస్తుంది. ఈ ఒక్క నియమం వల్ల ప్రతి పోరాటంలో ఎవరిని ఎవరి మీదికి పంపాలో లెక్క వేసుకోవాలి. మీ దాంట్లో దెబ్బ తనంతట తానే పక్క శత్రువు మీదికి వెళ్తోంది. ఇక బటన్ నొక్కుతూ కూర్చోవడం తప్ప ఆలోచించడానికి ఏముంది? మార్ష్ గుహలోకి కిరీటం కోసం దిగినప్పుడు ఇది బాగా తెలిసింది. లోపల సేవ్ లేదు, విషం ఎక్కించే జంతువులు, చేష్టలుడిగేలా చేసేవి ఉంటాయి, చచ్చినవాడిని పోరాటం మధ్యలో లేపడానికి దారి లేదు, కిరీటం పెట్టె దగ్గర మంత్రగాళ్లు కాపలా. మందులు ఎన్ని మిగిలాయి, మంత్రాలు ఎన్ని మిగిలాయి, ఇంకో మెట్టు దిగాలా వెనక్కి తిరగాలా అని టెన్షన్ పడాల్సిన చోటు అది. మేం నేరుగా లోపలికి వెళ్లి కిరీటం తీసుకుని బయటికి వచ్చేశాం. తాతగారి చేతిరాత ఉత్తరం అడిగితే తప్పులు దిద్ది టైపు చేసి ఇచ్చినట్టు ఉంది.

సేవ్ సంగతి కూడా చెప్పాలి. ఈ క్యాసెట్‌లో సేవ్ ఉండేది ఒక్కటే, అది లోపలున్న నాణెం బ్యాటరీ ఇచ్చే కరెంటు మీద బతుకుతుంది, అందుకే రీసెట్ నొక్కి పట్టుకుని పవర్ ఆపాలి. నేను ప్రతిసారీ అలాగే ఆపాను. అయినా వారం తిరక్కముందే సేవ్ మొత్తం ఎగిరిపోయింది. మీరు గ్యారంటీ అని రాసింది దేనికి?

అప్పుడు ఎస్‌పీ రోడ్డులో పాత ఎలక్ట్రానిక్స్ బాగుచేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లి, నా ముందే విప్పించాను. లోపల కొత్త ఆకుపచ్చ బోర్డు, చిప్ ఉండాల్సిన చోట నల్లటి జిగురు ముద్ద, బ్యాటరీని వంకరగా టంకం వేసి అతికించారు, ముట్టుకుంటే ఊగుతోంది. ఆయన చూడగానే "ఇది మొన్న చేసింది అమ్మా" అన్నారు. ఫొటోలు, ఆట వీడియోలు, మీ ప్రకటన స్క్రీన్‌షాట్, బిల్లు అన్నీ ఈ మెయిల్‌కు జత చేశాను.

ఇలా మార్చిన ఆటలు తయారుచేసే అభిమానులు ఉంటారని నాకు తెలుసు. వాళ్ల పనిని నేను తక్కువ చేయడం లేదు, ఒక్కోసారి చాలా శ్రద్ధగా చేస్తారు. కానీ దాన్ని తీసుకుని, ఒరిజినల్ స్టిక్కర్ వేసి, 1990 అని రాసి అమ్మడం మోసం. మీకు తెలియకుండా ఎవరో మీకు అంటగట్టి ఉండొచ్చు, అలా అయితే వాళ్లను మీరు చూసుకోండి, "టెస్ట్ చేసినది" అని రాసింది మాత్రం మీరే. అరగంట ఆడి చూసినా ఇంప్ దగ్గరే దొరికిపోయేది. సిరీస్‌లోని కొత్త భాగాలు ఆడి, దీని మొదలు ఎక్కడో చూద్దామని మీ దగ్గరికి వచ్చే పిల్లలు ఉంటారు. వాళ్లకు ఈ క్యాసెట్ ఇస్తే, 1987లోనే పరుగు ఉండేది, మంత్రాలన్నీ పనిచేసేవి, దెబ్బ వృథా అయ్యేది కాదు అనుకుంటారు. ఆ తర్వాతి వెర్షన్లలో ఒక్కోటీ ఎందుకు మార్చారో వాళ్లకు ఎప్పటికీ అర్థం కాదు. నాకు డబ్బు పోయినదానికంటే దీనికే ఎక్కువ బాధగా ఉంది.

నేను అడిగేవి ఇవి. నా 8,500 రూపాయలు పూర్తిగా వెనక్కి ఇవ్వాలి, కూపన్‌గా కాదు, కొరియర్ ఖర్చు మీరే పెట్టుకుని మారతహళ్లిలోని మా ఇంటి నుంచి క్యాసెట్ తీసుకెళ్లాలి. సైట్‌లో అదే ప్రకటన ఈ రోజు కూడా ఉంది, దాన్ని వెంటనే తీసేయాలి, లేదా అది మార్చిన కాపీ అని స్పష్టంగా రాసి, దానికి తగ్గ ధర పెట్టాలి. ఇంతకుముందు ఇదే ప్రకటన చూసి కొన్నవాళ్లకు మీరే మెయిల్ పంపి చెప్పాలి. నిజమైన ఒరిజినల్ మీ దగ్గర ఉంటే, బోర్డు ఫొటో ముందే పంపండి, చూసి ఇదే ధరకు తీసుకుంటాను, బ్యాటరీ పాతదైనా పర్వాలేదు, మార్పించుకుంటాను.

2020 ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి, ప్రకటనలో చెప్పినట్టు లేని వస్తువును వెనక్కి తీసుకోనని అనకూడదు. ఆ గడువులోపు జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఇవే ఆధారాలతో ఫిర్యాదు చేస్తాను. ఫోన్ చేయాలంటే సాయంత్రం ఏడు తర్వాత చేయండి.

ఇట్లు,
మీ కస్టమర్,
మారతహళ్లి, బెంగళూరు