లప్పం పెట్టేముందు బీటను కొలవాలి

సంపాదకుడు గారికి,

ఎండలు ముదిరేసరికి మా గుంటూరు జిల్లా నల్లరేగడి ఊళ్లలో పొలాలు నెర్రెలు విచ్చినట్టే ఇళ్ల గోడలూ బీటలు వారుతాయి. ఈ మట్టి తడికి ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. ఇంటి నడిమి భాగం కింద తడి ఏడాది పొడవునా ఇంచుమించు నిలకడగా ఉండి, అంచుల కింద మాత్రం వానకూ ఎండకూ మారిపోతుంటుంది కనుక, కాంక్రీటు పునాది ఒకచోట లేచి మరోచోట కుంగి, ఆ తేడా కిటికీ మూల నుంచి ఏటవాలుగా పాకే బీటగా బయటపడుతుంది.

మా పడకగది కిటికీ కింది బీటకు మేస్త్రి రెండుసార్లు లప్పం పెట్టి రంగు వేశాడు. రెండుసార్లూ మరుసటి వైశాఖానికే అది విచ్చింది. మూడోసారి పూడ్చనివ్వకుండా, బీట రెండు కొసల దగ్గరా పెన్సిల్‌తో అడ్డగీతలు గీసి తేదీ రాసి, నెలనెలా ఒకే చోట వెడల్పు కొలిచాను. వైశాఖంలో 3 మిల్లీమీటర్లున్న బీట ఆశ్వయుజానికి ఒక మిల్లీమీటరుకు దిగింది. ఆ నెలలోనే ఆ గది తలుపు గడపకు రాసుకుని, భుజంతో నెడితే తప్ప పడలేదు. పునాది రుతువులతో పాటు కదులుతోందని, మేము చూసుకోవలసింది గోడను కాదు, గోడ వార నీటినని అప్పుడు అర్థమైంది. డాబా మీది వాననీరు గొట్టంలోంచి నేరుగా పునాది పక్కనే పడేది. దాన్ని దూరంగా మళ్లించి, గోడ చుట్టూ బయటికి వాలుగా గచ్చు చేయించాక కదలిక బాగా తగ్గింది.

ప్రతి గీతకూ భయపడనక్కరలేదు. ప్లాస్టరింగ్ ఆరేటప్పుడు వచ్చే వెంట్రుకవాసి పగుళ్లు సాధారణంగా పెరగవు. మూసుకోకుండా ఒకే దిశలో పెరిగే బీట, ప్లింత్ బీమ్‌లో (గోడల అడుగున పునాది మీద వేసే కాంక్రీటు దూలంలో) ఇనుప చువ్వ వెంబడి తుప్పు మరకతో కనిపించే పగులు మాత్రం ఇంజనీరుకు వెంటనే చూపించవలసినవి.

ఇలాంటి నేల కోసం అండర్ రీమ్డ్ పైల్స్‌ను, అంటే భూమిలోకి దింపే, అడుగున ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు పునాది స్తంభాలను, రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఎప్పుడో రూపొందించింది. లోతైన నల్లరేగడిలో అవి కనీసం 3.5 మీటర్లు దిగాలని భారతీయ ప్రమాణం చెబుతోంది. అయినా మా దగ్గర చిన్న ఇళ్లకు మట్టి పరీక్షే చేయించరు. అప్పు చేసి ఇల్లు కట్టుకునేవారికి ఆ సంగతి చెప్పేవారే లేరు. నల్లరేగడి గ్రామాల్లో ప్లాను ఆమోదానికి మట్టి పరీక్షను తప్పనిసరి చేయాలని, గ్రామ స్థాయి ఇంజనీరింగ్ అసిస్టెంట్ల చేత ఏటా వేసవి చివర ఒకసారి, వానలు వెనుకబట్టాక ఒకసారి బీటల కొలతలు నమోదు చేయించాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా