ఆటల సంచి చిన్నదైంది, అద్దె కూడా

మా దగ్గర పుట్టినరోజు ఆటల సంచి అద్దెకు తీసుకునే అమ్మానాన్నలకు ఒక మాట. వచ్చే నెల నుంచి 12 ఆటల పెద్ద సంచి ఉండదు. నాలుగు ఆటల సంచి ఒక్కటే ఇస్తాం. అద్దె 900 నుంచి 500కి దిగుతుంది. మాకు రాబడి తగ్గే మాట నిజమే. కానీ పెద్ద సంచి తిరిగొచ్చాక విప్పి చూస్తే, బింగో చీటీల కట్టకు వేసిన రబ్బరు బ్యాండు కూడా వేసినట్టే ఉంటోంది. వాడని వాటికి మీ దగ్గర డబ్బు తీసుకోవడం మాకే బాగాలేదు.

ఆరింటికి రమ్మంటే మన విశాఖలో ఏడింటికి వస్తారు. కేకు, ఫొటోలు, భోజనాలు పోను ఆటలకు మిగిలేది ముప్పావుగంట. డబుల్ బెడ్‌రూమ్ హాల్లో ఎనిమిది పది మంది పిల్లలకు నాలుగు ఆటలే ఎక్కువ.

మొదట వీరి వీరి గుమ్మడిపండు ఆడించండి. బడి స్నేహితులు ఒక మూల, అపార్ట్‌మెంట్ పిల్లలు ఒక మూల చేరి, ఒకరి పేరు ఒకరికి తెలీక బిగుసుకుని ఉంటారు. ముందు అందరి చేతా పేర్లు చెప్పించండి. తర్వాత ఒకరికి కళ్ళకు గుడ్డ కట్టి, ఇంకొకరిని ఎదురుగా నిలబెట్టి ‘వీరి పేరేమి’ అని అడగండి. ఎదురుగా ఉన్నవాళ్ళు గొంతు మార్చి ‘మ్యావ్’ అనాలి. రెండో మ్యావ్‌కి హాలంతా నవ్వులే.

రెండోది పార్శిల్ ఆట: పాట మోగుతున్నంతసేపు పార్శిల్ చేతులు మారుతుంది, పాట ఆగినప్పుడు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు ఒక పొర విప్పాలి. పిల్లలెంతమందో చెబితే అన్ని పొరలు న్యూస్‌పేపర్ చుట్టి, పొరకో చాక్లెట్ పెట్టి పంపుతాం. పాట ఆపేవాళ్ళు పిల్లల వంక చూస్తూనే ఆపాలి, ప్రతి ఒక్కరికీ ఒక పొర దక్కేలా. మోసమే, అయినా చెయ్యండి. కుర్చీలాటకు కుర్చీలు వద్దు, చిన్న చాపలిస్తాం. చాప తీసేయండి గానీ పిల్లల్ని అవుట్ చెయ్యకండి, మిగిలిన చాపల మీదే అందరూ సర్దుకోవాలి. అవుటైన పిల్లాడు ఏడుస్తాడు, లేదా అమ్మ ఫోను అడుగుతాడు.

నాలుగోది ఏటికొప్పాక బొంగరాలు. అంకుడు కర్రతో చేసి, సహజ రంగులు కలిపిన లక్క పూసినవి. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఎవరిది ఎక్కువసేపు తిరిగితే వాళ్ళు గెలిచినట్టు, ఆట అయ్యాక అదే రిటర్న్ గిఫ్ట్. ఇవి అద్దెకు కాదు, ధర విడిగా ఉంటుంది. మూడేళ్ళలోపు పిల్లలకు మాత్రం ఇవ్వకండి.

బెలూన్లు పగలగొట్టే ఆట పూర్తిగా తీసేశాం. పగిలిన ముక్కలు పాకే పిల్లల నోట్లోకి వెళ్తే గొంతుకు అడ్డం పడి ఊపిరాడదు. సబ్బు బుడగలూ లేవు, టైల్స్ మీద జారుతున్నారు.

ఆడించడానికి మనిషిని పంపమని చాలామంది అడుగుతున్నారు. పంపలేం. మంచి మనిషి దొరికితే ఆదివారం కూలి మీ అద్దెను మించుతుంది, పైగా చిన్న హాల్లో మైకు పెడితే కింది ఫ్లాటువాళ్ళు పైకొస్తారు. మీ బాబాయినో మేనమామనో పట్టుకోండి.

ఆదివారం పార్టీకి గురువారం సాయంత్రంలోగా చెప్పాలి. గాజువాక, మధురవాడ వైపు శనివారమే అందిస్తాం. 300 డిపాజిట్‌లో మార్పు లేదు. పెద్ద సంచికి ఇప్పటికే డబ్బు కట్టినవాళ్ళకు తేడా వెనక్కిస్తాం, లేదా బొంగరాల్లో జమ చేస్తాం. ఏది కావాలో వాట్సాప్‌లో ఒక ముక్క పెట్టండి.