అక్కా, ఆ ప్రూఫ్ నిలవలేదు

అక్కా,

రెండు నెలలుగా ఫోన్ ఎత్తకుండా "బిజీగా ఉన్నా" అని మెసేజ్‌లు పెడుతూ వచ్చాను కదా, అసలు సంగతి ఇది. మూడేళ్ళు కూర్చుని రాసిన ప్రూఫ్‌లో, అంటే గణిత నిరూపణలో, తప్పు దొరికింది. పేపర్ పంపడానికి నాలుగు రోజుల ముందు నాకే కనపడింది. ఒకచోట "మిగతా సందర్భాల్లోనూ ఇంతే" అని రాసి ముందుకెళ్ళిపోయాను, ఆ మిగతా వాటిలో ఒకటి అలా లేదు. నీతో మాట్లాడితే ఏడ్చేస్తానని ఫోన్ చెయ్యలేదు.

"ఇంతకీ నువ్వు చేసే పనేంటే" అని ఎన్నిసార్లు అడిగావో. కాగితం, పెన్ను తెచ్చుకో. పైన మూడు చుక్కలు, కింద మూడు చుక్కలు పెట్టు. పైనున్న ప్రతి చుక్క నుంచి కిందున్న ప్రతి చుక్కకీ గీత గియ్యాలి, వంకరగా తిప్పినా పర్లేదు, ఒక గీత ఇంకో గీతని మాత్రం దాటకూడదు. ఎలా తిప్పినా ఒక్కచోటైనా దాటక తప్పదు. నాలుగూ నాలుగూ అయితే కనీసం నాలుగు చోట్ల. తొమ్మిదీ తొమ్మిదీ అయితే 256 చోట్ల దాటేలా గీయడం తెలుసు, అంతకంటే తక్కువలో కుదురుతుందో లేదో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు.

ఈ ప్రశ్న పుట్టింది నేనుండే ఈ బుడాపెస్ట్ దగ్గరే. 1944లో పాల్ తురాన్ అనే గణితవేత్తని, యూదుడని, నిర్బంధ కూలీగా ఇటుకల ఫ్యాక్టరీలో పెట్టారు. ప్రతి బట్టీ నుంచి ప్రతి నిల్వ యార్డుకీ పట్టాలు, వాటి మీద ఇటుకల బండ్లు తొయ్యాలి. పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోటే బండి ఎగిరిపడి ఇటుకలు కింద పడేవి. ఈ దాటే చోట్లు ఎంత తగ్గించగలం అని ఆ స్థితిలో ఆయన ఆలోచించాడు! అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

1954లో పోలండ్‌కి చెందిన జరాంకేవిచ్, కనీసం ఎన్ని చోట్ల దాటాలో చెప్పే సూత్రం దొరికిందని ప్రూఫ్ అచ్చువేశాడు. పదేళ్ళకి పైగా అందరూ నమ్మాక అందులో వాదన పూర్తికాని చోటొకటి బయటపడింది. ఆ సూత్రం మాత్రం తప్పని ఎవరూ చూపలేదు, ఒకవైపు ఆరు చుక్కల వరకూ నిజమని క్లైట్‌మన్ 1970లో నిరూపించాడు. నా తప్పు దొరికిన రాత్రి ఈ చరిత్రంతా మళ్ళీ చదివాను, కొంచెం ఊపిరాడింది.

ఈ లెక్క ఇంకెక్కడికో తీసుకెళ్తుంది, నాకు పిచ్చి ప్రేమ దానిమీదే. గీతలు చుక్కలకి నాలుగు రెట్లో అంతకంటే ఎక్కువో ఉంటే ఎన్ని చోట్ల దాటక తప్పదో 1982 నాటి ఒక ఫలితం చెప్తుంది. 1997లో సెకేయ్ దాన్ని తీసుకెళ్ళి బిందువులూ సరళరేఖల ప్రశ్నకి పెట్టాడు: ఇన్ని బిందువులు, ఇన్ని రేఖలు ఉంటే, బిందువు రేఖ మీద పడే జతలు ఎన్ని ఉండొచ్చు? ఒకే రేఖ మీద పక్కపక్కనున్న బిందువుల మధ్య ముక్కల్ని గ్రాఫ్‌లో, అంటే ఇలాంటి చుక్కలూ గీతల బొమ్మలో, గీతలనుకున్నాడు. రెండు సరళరేఖలు మహా అయితే ఒక్కచోటే దాటుకుంటాయి కాబట్టి దాటే చోట్లు తక్కువ, కాబట్టి ముక్కలూ, వాటితో పాటు ఆ జతలూ మరీ ఎక్కువ ఉండలేవు. అంతే అక్కా! సెమెరెడీ, ట్రాటర్ 1983లో చాలా కష్టపడి సాధించిన ఫలితం ఒక పేజీలో వచ్చేసింది. మొదటిసారి చదివినప్పుడు కుర్చీలోంచి లేచి నడవాల్సి వచ్చింది.

నా ప్రూఫ్‌లో గీతలన్నీ తిన్నగా ఉన్న సందర్భం మాత్రం నిలిచింది. మా ప్రొఫెసర్, నేను దాన్ని విడిగా రాస్తున్నాం. పోస్ట్‌డాక్, అదే పీహెచ్‌డీ తర్వాతి ఈ పరిశోధన పని, ఇంకో ఏడాది ఉంది, ఆ తర్వాత ఉద్యోగం టెన్షన్ ఉంది, కానీ ఈ పని వదలను.

ఆదివారం ఫోన్ చేస్తా. మూడు చుక్కల కాగితం పారెయ్యకు, ఒక్కచోటే దాటేలా వచ్చాక ఫోటో తీసి పంపు.

నీ చెల్లి