నాగపూర్‌లో నేర్చుకుని వెళ్లిన పాస్టర్ గారి గురించి

సంపాదకులకు నమస్కారం.

గాంధీ జయంతికి మా హైస్కూల్లో వక్తృత్వ పోటీ పెట్టాం. ఎనిమిది మంది మాట్లాడారు. ఎనిమిది మందీ దండి దాకా నడిచి, ఉప్పు తీసి, అక్కడితో ముగించారు. అంతా అయిపోయి బెంచీలు సర్దుతుంటే తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు వచ్చి "సార్, అహింస అంటే ఊరికే దెబ్బలు తినడమేనా?" అని అడిగాడు. వెటకారం కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. ఇన్నేళ్లుగా సోషల్ చెబుతున్నాను, ఆ రోజు మాత్రం వాడికి సరైన జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబు జేమ్స్ లాసన్ అనే మెథడిస్టు పాస్టర్ జీవితంలో దొరుకుతుందని నా నమ్మకం. ఆయన 2024 జూన్ 9న, 95 ఏళ్ల వయసులో పోయారు. అప్పుడు మన తెలుగు పేపర్లలో ఆయన గురించి చదివిన గుర్తు నాకు లేదు. అందుకే ఈ ఉత్తరం.

లాసన్ అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో పెరిగిన నల్లజాతి మనిషి. తండ్రి కూడా మెథడిస్టు పాస్టరే. చిన్నప్పుడు ఒకసారి కార్లో కూర్చున్న తెల్ల పిల్లాడు తనను జాతి పేరుతో తిడితే, ఈయన దగ్గరికి వెళ్లి వాడి చెంప ఛెళ్లుమనిపించి ఇంటికొచ్చి అమ్మకు చెప్పాడట. ఆవిడ వంట చేసుకుంటూ, వెనక్కి కూడా తిరక్కుండా, దానివల్ల ఏం ఒరిగిందిరా అని అడిగిందట, ఇంతకంటే మంచి దారి ఏదో ఉండే ఉంటుందని కూడా అందట. తన జీవితం మలుపు తిరిగింది ఆ వంటింట్లోనేనని పెద్దయ్యాక ఆయన పదే పదే చెప్పుకున్నారు.

బాల్డ్విన్ వాలెస్ కాలేజీలో చదువుతుండగానే కొరియా యుద్ధం వచ్చింది. సైన్యంలో చేరనన్నందుకు ఏడాదికి పైగా జైల్లో ఉన్నారు, బయటికొచ్చి డిగ్రీ పూర్తి చేశారు, 1953లో మెథడిస్టు మిషనరీగా మన దేశానికి వచ్చి నాగపూర్ హిస్లాప్ కాలేజీలో చేరారు. అప్పటికి పొట్టి శ్రీరాములు గారు పోయి ఏడాది కూడా నిండలేదు, ఆంధ్ర రాష్ట్రం వచ్చింది కూడా ఆ ఏడాదే. నాగపూర్ అంటే మనకేమంత దూరం, రాత్రి నెల్లూరులో జీటీ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు దిగుతాం.

నేను బాప్టిస్టు సంఘంలో పెరిగినవాణ్ణి. మా వైపు మిషనరీ అంటే గుర్తొచ్చేది ఒంగోలు క్లౌ దొర. కరువు కాలంలో బకింగ్‌హాం కాలువ పని పట్టి జనానికి కూలి ఇప్పించిన మనిషి, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారని చిన్నప్పుడు సండే స్కూల్లో బట్టీ పట్టాం. అలా ఇక్కడికి వచ్చి బోధించినవాళ్లు మనకు తెలుసు. ఇక్కడికి వచ్చి మన దగ్గర పాఠం నేర్చుకుని, దాన్ని తన ఊళ్లో వాడిన పాస్టర్ మాత్రం తెలియదు. లాసన్ ఇక్కడున్న మూడేళ్లూ సత్యాగ్రహాన్ని చదివారు, గాంధీతో పనిచేసిన వాళ్లను వెతుక్కుంటూ వెళ్లి మాట్లాడారు. 1955 డిసెంబరులో అమెరికాలోని మాంట్‌గోమరీలో, బస్సుల్లో చూపే వివక్షకు నిరసనగా నల్లవాళ్లు బస్సులెక్కడం మానేశారన్న వార్త కూడా ఆయన నాగపూర్‌లో పేపర్లోనే చదివారు. తిరిగి వెళ్లాక 1957లో నల్లవాళ్ల హక్కుల పోరాటాన్ని నడుపుతున్న మార్టిన్ లూథర్ కింగ్‌ను కలిస్తే, ఆలస్యం చేయకుండా అమెరికా దక్షిణాదికి వచ్చెయ్యమని కింగ్ అడిగారు.

ఇప్పుడు మా బడి అబ్బాయి ప్రశ్న దగ్గరికి వస్తాను. ఆ దక్షిణాదిలోని నాష్‌విల్ నగరంలో లాసన్ చేసింది ఉపన్యాసాలివ్వడం కాదు. 1959లో ఒక మెథడిస్టు చర్చి కింది గదిలో కాలేజీ పిల్లల్ని కూర్చోబెట్టి రిహార్సల్స్ చేయించారు. కొందరు హోటల్‌కు వచ్చిన నల్లవాళ్లలా కుర్చీల్లో కూర్చోవాలి, మిగతావాళ్లు రౌడీల్లా మీదికి రావాలి, నోటికొచ్చినట్టు తిట్టాలి, ముఖాన సిగరెట్ పొగ ఊదాలి, కుర్చీ లాగెయ్యాలి. కింద పడితే తల ఎలా కాపాడుకోవాలి, పక్కవాణ్ణి కొడుతుంటే మధ్యలోకి ఎలా వెళ్లాలి, కోపం వచ్చినప్పుడు ఎదుటివాడి కళ్లలోకి ఎలా చూడాలి, ఇవన్నీ నెలల తరబడి నేర్పారు. తట్టుకోలేనివాళ్లు తప్పుకున్నారు, అది తప్పు కాదు. 1960 ఫిబ్రవరి 13న వంద మందికి పైగా వెళ్లి, తెల్లవాళ్లకు మాత్రమే వడ్డించే టిఫిన్ కౌంటర్ల దగ్గర పుస్తకాలు తెరిచి కూర్చున్నారు. రెండు వారాల తర్వాత వాళ్లను కొట్టారు, కొట్టినవాళ్లను వదిలేసి దెబ్బలు తిన్న 80 మందికి పైగా విద్యార్థుల్ని అరెస్టు చేశారు. లాసన్‌ను ఆయన చదువుతున్న వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ బయటికి పంపేసింది. మే 10 నాటికి ఆ కౌంటర్లు అందరికీ తెరుచుకున్నాయి. చాలా ఏళ్ల తర్వాత అదే యూనివర్సిటీ ఆయన్ను పిలిచి పాఠాలు చెప్పించుకుంది.

ఆ రోజుల్లోనే జరిగిన ఒక సంగతి నేను పిల్లలకు తప్పకుండా చెబుతాను. తోలు కోటు వేసుకున్న తెల్ల కుర్రాడొకడు లాసన్ ముఖం మీద ఉమ్మేశాడు. ఆయన వాడి వంక చూసి, నీ దగ్గర చేతిరుమాలు ఉందా అని అడిగారు. వాడు కంగారుపడి జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆయన ముఖం తుడుచుకుని, రుమాలు తిరిగిచ్చేసి, నీకు మోటార్‌సైకిల్ ఉందా అని అడిగారు. ఉందన్నాడు. బండి గురించి ఇద్దరూ కాసేపు నిలబడి మాట్లాడుకున్నారు. దెబ్బలు తినడం ఒకటి, ఆ క్షణంలో రుమాలు అడగాలని తోచడం ఇంకొకటి. అలా తోచాలంటే మనసుకు ముందే తర్ఫీదు ఇచ్చుకుని ఉండాలి.

ఇది మనకు కొత్తేమీ కాదు. 1992లో సారా వ్యతిరేక ఉద్యమంలో మా మేనత్త ఉంది. దూబగుంట ఆడవాళ్ల కబురు విని మా వైపు ఊళ్లు కూడా కదిలిన రోజులవి. సారా ప్యాకెట్ల జీపును ఊరి మొగలోనే ఆపడానికి ముందు వాళ్లు ఎక్కడ కలుసుకునేవాళ్లో తెలుసా? రాత్రి బడిలో. లాంతరు చుట్టూ కూర్చుని, వాచకంలో సారా మీద తిరగబడిన సీతమ్మ అనే పల్లెటూరి ఆవిడ కథ చదివి, ఎవరి మొగుడు ఎంత తాగుతున్నాడో ఒకరికొకరు చెప్పుకుని, జీపు వస్తే ముందు ఎవరు నిలబడాలి, పోలీసులతో ఎవరు మాట్లాడాలి అన్నీ అక్కడే అనుకునేవాళ్లట. "బడి లేకపోతే ఎవరి కొంపలో వాళ్లం ఏడుస్తుండేవాళ్లం అబ్బయా" అనేది మా అత్త. 1993 అక్టోబర్ 1 నుంచి సారా ఆగింది. నాష్‌విల్ చర్చి కింది గది, మా అత్త వాళ్ల రాత్రి బడి నాకు ఒకటిగానే కనిపిస్తాయి. రోడ్డు మీదికి రాకముందు మనుషులు కూర్చుని సిద్ధపడిన చోటు ఒకటి ఉంది, అక్కడే సగం పని అయిపోయింది. మనం మాత్రం పిల్లలకు రోడ్డు మీద జరిగిందే చెబుతున్నాం.

మళ్లీ లాసన్ దగ్గరికి వస్తే, 1968లో అమెరికాలోని మెంఫిస్‌లో చెత్త బండిలో ఇరుక్కుని ఇద్దరు పారిశుధ్య కార్మికులు చనిపోతే 1,300 మంది సమ్మె చేశారు. "నేను మనిషిని" అని రాసిన అట్టలు మెడలో వేసుకుని నడిచారు. ఆ సమ్మె కమిటీని నడిపింది లాసనే, కింగ్‌ను అక్కడికి పిలిచిందీ ఆయనే, కింగ్ ఏప్రిల్ 4న హత్యకు గురైందీ ఆ ఊళ్లోనే. ఆ బరువు మోస్తూ కూడా ఆయన ఆగలేదు. తర్వాత లాస్ ఏంజెలిస్‌లో పాతికేళ్లు చర్చి నడుపుతూ హోటల్ పనివాళ్ల వెంట, ఊడ్చే పనివాళ్ల వెంట నిలబడ్డారు. 2023 డిసెంబర్ చివర్లో మన మున్సిపల్ కార్మికులు సమ్మెకు దిగినప్పుడు రోజూ వాళ్ల టెంటు ముందు నుంచే బడికి వెళ్లాను. నాతో సహా అందరం చెత్త కంపు కొడుతోందనే మాట్లాడుకున్నాం, ఒక్క పాస్టర్ గాని, ఒక్క మాస్టారు గాని లోపలికి వెళ్లి వాళ్ల పక్కన కూర్చోవడం నేను చూడలేదు. నేనూ వెళ్లలేదు. అది నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

మీ పేపర్ ద్వారా అడిగేది ఒక్కటే. పెన్నా ఒడ్డున పల్లిపాడులో గాంధీ గారు 1921 ఏప్రిల్ 7న స్వయంగా ప్రారంభించిన పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమం మనకుంది, పొణకా కనకమ్మ గారు భూమి ఇచ్చిన చోటు అది. అక్టోబర్ 2న దండ వేసి, ఫొటో దిగి వచ్చేస్తున్నాం. మన జిల్లా కాలేజీలు, చర్చిలు, ఎన్ఎస్ఎస్ వాళ్లు కలిసి అక్కడ రెండు రోజులు లాసన్ పద్ధతిలో పిల్లలకు తర్ఫీదు పెట్టాలి. కులం పేరుతో తిడితే ఏం చెయ్యాలి, బస్సులో అమ్మాయిని ఏడిపిస్తుంటే పక్కవాడు ఎలా లేవాలి, హాస్టల్లో ర్యాగింగ్‌ను నలుగురూ కలిసి ఎలా ఆపాలి, ఇవన్నీ వేషం వేసి చేసి చూడాలి. ఎవరైనా పూనుకుంటే మా బడి నుంచి పదిహేను మందిని నేను తీసుకొస్తాను, బస్సు ఖర్చు మేమే పెట్టుకుంటాం. ప్రశ్న అడిగిన ఆ అబ్బాయి వస్తానని ముందే పేరు ఇచ్చాడు.

ఇట్లు,
ఒక సోషల్ మాస్టారు,
కావలి, నెల్లూరు జిల్లా