పెద్ద కుక్క, డిక్కీ, సామాను: లీటర్లతో తేలని లెక్క

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవులు వచ్చాయంటే బెంగళూరులోని తెలుగు కుటుంబాలు ఊళ్ల దారి పడతాయి. హెబ్బాళ దాటి అనంతపురం, కర్నూలు, హైదరాబాద్ వైపు కొందరు, కోలారు మీదుగా చిత్తూరు, తిరుపతి వైపు కొందరు. ఆ బండ్లలో లాబ్రడార్లు, గోల్డెన్ రిట్రీవర్లు, జర్మన్ షెపర్డ్‌లు కనిపించడం ఇప్పుడు మామూలైపోయింది. పెంచుకున్న ప్రాణిని వదిలిపెట్టకుండా వెంట తీసుకెళ్లడం మంచి పనే. ఎక్కించే తీరు చూస్తేనే భయమేస్తోంది. సూట్‌కేసులు, బియ్యం సంచులు, ఊరగాయ జాడీలు అన్నీ సర్దేశాక మిగిలిన సందులోకి కుక్కను తోస్తున్నారు. మనుషుల సీట్లు ఎలాగూ తప్పవు కాబట్టి, ఆ వెంటనే కుక్క చోటు ఖాయం చేయాలి. సామానుకు ఆ తర్వాత మిగిలిందే దక్కుతుంది. పట్టనిది ఇంట్లో ఉండిపోవాలి.

చోటు ఎంతో తేల్చుకోవడానికి షోరూం వాళ్లు చెప్పే లీటర్ల అంకె పనికిరాదు. హ్యుందాయ్ క్రెటా డిక్కీ 433 లీటర్లు, ఏడుగురూ కూర్చున్నప్పుడు మారుతి ఎర్టిగా డిక్కీ 209 లీటర్లు అంటారు. మూలమూలా నింపి లెక్కగట్టిన ఘనపరిమాణం అది. కుక్కకు కావాల్సింది చదునైన నేల, తల తగలని ఎత్తు. టేపు తీసుకుని మూడు కొలతలు వేయండి. వెనక సీటు వీపు నుంచి డిక్కీ తలుపు దాకా నేల పొడవు. రెండు వీల్ ఆర్చ్‌ల (చక్రాల మీద డిక్కీలోకి ఉబికి ఉండే భాగాల) మధ్య వెడల్పు, అదీ అతి ఇరుకుగా ఉన్నచోట. ఇక నేల నుంచి కప్పు దాకా ఎత్తు. ఈ మూడోది తలుపు మూసి, లోపల కూర్చునే కొలవాలి. వెనక అద్దం ఏటవాలుగా ఉండే బండ్లలో తలుపు దగ్గర ఎత్తు బాగా తగ్గిపోతుంది. తెరిచి కొలిస్తే సరిపోయినట్టే ఉంటుంది, మూశాక కుక్క మెడ వంచుకుని నిలబడాల్సి వస్తుంది.

కుక్క కొలత ఇంట్లోనే తెలుస్తుంది. అది పక్కకు ఒరిగి గాఢంగా నిద్రపోతున్నప్పుడు చుట్టూ నేలమీద సుద్దముక్కతో గీత గీయండి. లేచాక ఆ గీతను కొలవండి. ఎదిగిన లాబ్రడార్‌కు దాదాపు 100 సెంటీమీటర్ల పొడవు, 70 సెంటీమీటర్ల వెడల్పు వస్తుంది. మగ జర్మన్ షెపర్డ్ అయితే భుజం దగ్గరే 60 నుంచి 65 సెంటీమీటర్ల ఎత్తుంటుంది, కాబట్టి ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. ఆ కొలతకు పాత అట్టపెట్టె కోసి డిక్కీలో పరిచి చూస్తే అనుమానం తీరిపోతుంది. గ్రేట్ డేన్‌కు మాత్రం ఐదు సీట్ల బండి డిక్కీ ఎటు తిప్పినా చాలదు. వెనక సీటు మడవాల్సిందే.

ఇనుప తీగల బోను కొనాలనుకునేవారు ముందే తెలుసుకోవాల్సింది ఒకటుంది. లాబ్రడార్‌కు సరిపడే 42 అంగుళాల బోను సుమారు 107 సెంటీమీటర్ల పొడవు, 71 వెడల్పు, 76 ఎత్తు ఉంటుంది. ఐదు సీట్ల మధ్యస్థ బండిలో వీల్ ఆర్చ్‌ల మధ్య చోటు మీటరుకు అటూ ఇటూ ఉంటుంది గనుక అడ్డంగా పట్టదు, పొడుగునా పెడితే తలుపు పడదు. మూడో వరస సీట్లు నేలకు కలిసిపోయేలా మడిచే ఏడు సీట్ల బండ్లలో పొడుగునా పెట్టుకునే వీలుంటుంది. ఇన్నోవా క్రిస్టాలో మూడో వరస నేలలోకి మడవదు, పక్కలకు లేచి కట్టుకుంటుంది. పేరుకు పెద్ద బండే అయినా వెడల్పు అక్కడే తగ్గిపోతుంది. ఇన్నోవా హైక్రాస్‌లో ఆ సీట్లు నేలలోకి మడుస్తాయి. ఒకే పేరున్న రెండు బండ్ల మధ్య కుక్కకు ఇంత తేడా ఉందని ఏ ప్రకటనలోనూ కనపడదు.

ఐదు సీట్ల బండి, ముగ్గురు మనుషులు, ఒక పెద్ద కుక్క అయితే బాగా కుదిరే పద్ధతి ఒకటుంది. వెనక సీటు 60:40గా విడిపోయేదైతే 60 వైపు మడవండి, 40 వైపు ఒకరు కూర్చుంటారు. మడిచిన సీటు చాలా బండ్లలో పూర్తిగా చదును కాదు. ముందువైపు కాస్త లేచి ఏటవాలుగా ఉంటుంది, సీటుకూ డిక్కీ నేలకూ మధ్య మెట్టు, సందు మిగులుతాయి. కుక్క కాలు దిగబడేది ఆ సందులోనే. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ను వడ్రంగి చేత కొలతకు కోయించి, మధ్యలో కబ్జాలు పెట్టి రెండుగా మడిచేలా చేయించుకోవాలి. తగ్గున్న వైపు అడుగున గట్టి ఫోమ్ ముక్కలు పెడితే నేల సమంగా నిలుస్తుంది. అంచులు గరుకు కాగితంతో రుద్దించాలి, లేకపోతే సీటు బట్ట చిరుగుతుంది. పలక మీద నేరుగా బొంత వేయకూడదు. బ్రేకు వేసిన ప్రతిసారీ బొంత, కుక్క కలిసి జారతాయి. కింద 5 మిల్లీమీటర్ల రబ్బరు షీటు, దానిమీద బొంత వేయాలి. కాళ్లకు పట్టు దొరకని కుక్క దారంతా నిలబడి తూలుతూనే ఉంటుంది, త్వరగా అలిసిపోతుంది, వాంతి చేసుకుంటుంది. కారు పడదని అనుకునే చాలా కుక్కలకు అసలు పడనిది ఆ జారుడు నేలే.

సీటు మడవకుండా కుక్కను వెనక సీటు మీదే కూర్చోబెట్టేవారు హెడ్ రెస్ట్‌లకు కట్టే ఉయ్యాల గుడ్డ కొంటారు. అది సీటును శుభ్రంగా ఉంచుతుందే తప్ప కుక్కను ఆపదు. పైగా ముందు సీటుకూ వెనక సీటుకూ మధ్య కాళ్లు పెట్టుకునే గుంట మీద ఆ గుడ్డ వేలాడుతుంటుంది, కుక్క కాలు పెడితే కిందికి దిగిపోతుంది. ఆ గుంటలో బట్టలు నింపిన మెత్తటి సంచులు సీటు ఎత్తుకు సరిగ్గా సర్దండి. కుక్క పరుపు వెడల్పవుతుంది, సామానులో ఒక వంతు అక్కడే సర్దుకుంటుంది.

ఇక కట్టే సంగతి. దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటున్నారు. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో దేన్నైనా గుద్దితే బండి సెకనులో పదో వంతులో ఆగిపోతుంది. ఆ క్షణంలో కట్టని 30 కిలోల కుక్క 400 కిలోలకు పైబడిన బలంతో ముందుకొచ్చి పడుతుంది. దానికీ ప్రాణం మీదికొస్తుంది, ముందు సీట్లో ఉన్నవాళ్లకూ వస్తుంది. మెడ పట్టీకి గొలుసు తగిలించి కట్టడం అంతకన్నా ప్రమాదం, మొత్తం బలం మెడ ఎముకల మీద పడుతుంది. ఛాతీ మీద వెడల్పాటి మెత్తటి పట్టీ ఉన్న హార్నెస్ వేసి, దాని వీపు కొక్కేన్ని సీటు బెల్టుతో కలపాలి. బెల్టు బకిల్‌లో నేరుగా గుచ్చే చిన్న పట్టీలు చవకే గానీ, కుక్క ఎర్ర మీట మీద కాలు వేస్తే ఊడిపోతాయి. సీటు బెల్టునే హార్నెస్ వెనక లూపులోంచి తీసి బకిల్ పెట్టడం మేలు. లేచి కూర్చోవడానికి, పడుకోవడానికి చాలినంత వదులుండాలి, ముందు సీట్ల మధ్యలోకి మూతి పెట్టేంత ఉండకూడదు. ఎయిర్‌బ్యాగు ఉన్న ముందు సీట్లో కుక్కను ఎంత మాత్రమూ కూర్చోబెట్టవద్దు.

డిక్కీలో ఉండే కుక్కనైతే నేలలో బిగించిన ఇనుప రింగులకు కట్టాలి. పక్క గోడల్లో ఉండే ప్లాస్టిక్ కొక్కేలు కూరగాయల సంచులకు మాత్రమే. సీటు వెనక అడ్డంగా పెట్టే జాలీ విషయంలోనూ ఇలాంటి పొరపాటే జరుగుతోంది. నేలకూ కప్పుకూ మధ్య బిగించి నిలబెట్టే జాలీలు షాపులో గట్టిగానే ఉంటాయి. కప్పు లోపలి అస్తరు మెత్తగా నొక్కుకుపోయేది కాబట్టి నాలుగు స్పీడ్ బ్రేకర్లు దాటేసరికి వదులవుతాయి. మన బెంగళూరు వీధుల్లో నాలుగు బ్రేకర్లంటే అర కిలోమీటరు కూడా కాదు. హెడ్ రెస్ట్ కడ్డీలకు బోల్టులతో బిగించేది కొనండి. ఆగిన ప్రతిచోటా ఒకసారి ఊపి చూడండి.

సామాను సర్దడంలో బరువైనవి కిందికి, వెనక సీటు వీపుకు ఆనించి పెట్టాలి. బియ్యం, నీళ్ల డబ్బాలు, పచ్చళ్లు అక్కడికే. సీటు వీపు ఎత్తు దాటి ఏదీ పేర్చకూడదు. గట్టి సూట్‌కేసు కుక్క పక్కన ఉంటే మీటతో బిగించే 25 మిల్లీమీటర్ల రాట్చెట్ పట్టీతో రింగులకు బిగించాలి, మొగిలి ఘాట్ మలుపుల్లో కట్టని సూట్‌కేసు కుక్క పక్కటెముకలకే తగులుతుంది. మెత్తటి సంచులైతే సందుల్లో సర్దుకుంటాయి, తగిలినా దెబ్బ కాదు. డిక్కీ పక్క ప్లాస్టిక్ లోపల లోపలి గాలి బయటికి పోయే రంధ్రాలుంటాయి. వాటికి సంచులు ఆనిస్తే వెనక గాలి ఆడదు. బరువు లెక్క కూడా చూసుకోవాలి. మాన్యువల్‌లో ఉన్న గరిష్ఠ మొత్తం బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే వచ్చేదే మీరు ఎక్కించగలిగేది. రెండు లాబ్రడార్లంటే ఇంకో పెద్దమనిషి ఎక్కినట్టే. డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద నిండు బరువుకు టైర్లలో ఎంత గాలి ఉండాలో వేరే రాసి ఉంటుంది, టైర్లు చల్లగా ఉన్నప్పుడే అంత పట్టించుకోవాలి.

ఎండ గురించి చెప్పకపోతే ఈ ఉత్తరం అసంపూర్తే. బెంగళూరులో తెల్లవారుజామున చల్లగా బయల్దేరతాం. కొడికొండ దాటి అనంతపురం చేరేసరికి ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలకు చేరే ఎండ ఎదురవుతుంది. ఐదు సీట్ల బండ్లలో వెనక ఏసీ గాలి సీట్లో కూర్చున్నవాళ్ల మోకాళ్ల దగ్గరే ఆగిపోతుంది, డిక్కీకి చేరదు. డిక్కీకి మూతలా ఉండే పార్సిల్ ట్రే తీసేసి, సామాను పైన అర అడుగు ఖాళీ ఉంచితే గాలి వెనక్కి వెళ్తుంది. ఏడు సీట్ల బండ్లలో మూడో వరసకు వేరే బ్లోయర్ ఉంటే దాన్ని ఆన్ చేయడం మర్చిపోతుంటారు. చిన్న థర్మామీటరు కుక్క పడుకునే చోటే పెట్టండి, 26 దాటిందంటే ఏసీ పెంచాలి. గాలి కోసమని డిక్కీ తలుపు కాస్త తెరిచి తాడుతో కట్టేవాళ్లున్నారు. సైలెన్సర్ పొగ ఆ సందులోంచి లోపలికే లాక్కుంటుంది. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

టిఫిన్‌కు ఆగినప్పుడు కుక్కను మూసిన బండిలో వదలకూడదు. బయట 32 డిగ్రీలుంటే పది నిమిషాల్లో లోపల 43 దాకా, అరగంటలో 50 దాటి వెళ్తుంది. అద్దం రెండు వేళ్లు దించినా పెద్ద తేడా ఉండదు. కుక్క మామూలు ఒంటి వేడి 38 నుంచి 39.2 డిగ్రీలు, 41 దాటితే వడదెబ్బ. విపరీతంగా రొప్పుతూ, చిగుళ్లు ఎర్రబడి, కాళ్లు తడబడుతుంటే వెంటనే నీడకు చేర్చి, మామూలు నీళ్లతో ఒళ్లంతా తడిపి, గాలి తగిలేలా చేస్తూ పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి. తడిపిన గుడ్డ ఒంటిమీద కప్పి ఉంచితే వేడి లోపలే నిలిచిపోతుంది. కుటుంబం తినేటప్పుడు ఒకరు బయట కుక్కతో నీడలో ఉండి, తర్వాత తినడమే మార్గం.

తిండి బయల్దేరడానికి మూడు నాలుగు గంటల ముందే, సగం పెట్టాలి. నీళ్లు 30 కిలోల కుక్కకు రోజుకు లీటరున్నర పైనే, ఎండలో ఇంకా ఎక్కువ. రెండు గంటలకోసారి ఆగాలి. తలుపు తీయకముందే లీష్ చేతికి తీసుకోవాలి, హైవే పక్కన కుక్క తప్పిపోయేది సరిగ్గా ఆ తలుపు తీసిన క్షణంలోనే. అద్దాల స్విచ్ లాక్ వేసి ఉంచాలి. వాంతి మందు పశువైద్యుడు రాస్తేనే వేయాలి, మనుషుల మాత్రలు వద్దు.

వయసైన కుక్కల విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. లాబ్రడార్లకు, జర్మన్ షెపర్డ్‌లకు తుంటి కీళ్ల జబ్బు ఎక్కువ. డిక్కీ గడప నేల నుంచి 70, 80 సెంటీమీటర్ల ఎత్తుంటుంది, ఎక్కడం కన్నా అక్కడి నుంచి దూకడం ముంగాళ్ల కీళ్లను ఎక్కువ దెబ్బతీస్తుంది. ర్యాంపు పొడవు కనీసం 180 సెంటీమీటర్లుండాలి. 75 సెంటీమీటర్ల ఎత్తుకు అది సుమారు 25 డిగ్రీల వాలు. 150 సెంటీమీటర్లదైతే 30 డిగ్రీలవుతుంది, కుక్క సగంలో ఆగి వెనక్కి తిరుగుతుంది. ఇంట్లో నేలమీద పరిచి రెండు మూడు రోజులు నడిపించాకే బండికి ఆనించాలి. ఎత్తి ఎక్కించాల్సి వస్తే ఒక చెయ్యి ఛాతీ కింద, ఇంకో చెయ్యి వెనక తొడల వెనక వేసి ఎత్తాలి. పొట్ట కింద చెయ్యి వేసి లేపకూడదు.

మీ పత్రికకు ఒక విన్నపం. వాహనాల పేజీలో కొత్త బండి గురించి రాసేటప్పుడు లీటర్ల అంకె పక్కన సీట్లు మడిచాక నేల పొడవు, వీల్ ఆర్చ్‌ల మధ్య వెడల్పు, తలుపు మూశాక లోపలి ఎత్తు, గడప ఎత్తు సెంటీమీటర్లలో వేయండి. నేల రింగులు ఎంత బరువు ఆపుతాయో కంపెనీని అడిగి రాయండి. టేపు పట్టుకుంటే పది నిమిషాల పని. వీల్‌చైర్ తీసుకెళ్లేవారికి, చంటిపిల్లల బండి పెట్టుకునేవారికి కూడా ఆ అంకెలే కావాలి.

ఇట్లు,
మీ పాఠకులు,
మారతహళ్లి, బెంగళూరు